ఇల్లు మనది, హద్దు అందరిది

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. చేతిలోని రొక్కము ఎట్లు కరగునో, మేస్త్రీ మాట ఎన్నిమార్లు తప్పునో, సిమెంటు దుకాణము చుట్టు, ఇటుకబట్టీ చుట్టు ఎన్ని ప్రదక్షిణములు చేయవలెనో అనుభవించిన వానికే తెలియునని ఆ సామెత భావము. అందులో అనుమతి పత్రము ప్రసక్తి లేదు. నాడు దాని అవసరము అంతగా లేదు కూడ. పల్లెలో ఇల్లు కట్టువాడు ఇరుగుపొరుగు కండ్ల యెదుటనే ముగ్గు పోసెడివాడు. చూరు నీరు ఎవరి వాకిట పడును, బండి తిరుగుటకు సందు మిగులునా, ప్రక్క ఇంటి బావికి మన పెరటి మురుగు చేరునా అను ప్రశ్నలను పెద్దమనుషులు ఆ ముగ్గు దగ్గరనే నిలబడి తేల్చెడివారు. నగరములో ప్రక్క ఇంటివాని పేరైనను మనకు తెలియదు. ఆ పెద్దమనుషులు కూర్చున్న అరుగు మీద నేడొక కాగితము కూర్చున్నది. దానినే మనము భవన నిర్మాణ అనుమతి అనుచున్నాము.

ఆ కాగితము ఎవరి కొరకు పుట్టినది? ఇంటి యజమానిని వేధించుటకని కొందరు, కార్యాలయముల ఆదాయము కొరకని మరికొందరు అనుకొనుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రాయదుర్గమును మించిన పాఠశాల లేదు.

ఇది అనంతపురము జిల్లాలోని రాయదుర్గము కాదు. హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, శేరిలింగంపల్లి మండలములో, గోలకొండకు చేరువలోనున్న రాయదుర్గము. రెవెన్యూ దస్త్రములలో నేటికిని రాయదుర్గ్ పన్మక్త, రాయదుర్గ్ నౌఖాల్సా అను పాత పేర్లు కనబడును. బండరాళ్ళు, సీతాఫలపు పొదలు, చెరువు, చిన్న ఊరు, ఇదియే ఒకప్పటి రాయదుర్గము. 1998లో ప్రక్కనున్న మాదాపురములో సైబర్ టవర్స్ లేచినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గము దాకా వచ్చినది. 2025 అక్టోబరులో జరిగిన ప్రభుత్వ వేలములో ఇచ్చటి భూమి ఎకరము 177 కోట్ల రూపాయల ధర పలికినది. ఎకరమునకు 4,840 చదరపు గజములు కదా. విద్యార్థులు భాగించి చూడవచ్చును: గజము మూడు లక్షల అరువది అయిదు వేలకు పైమాట!

అది ఆకాశహర్మ్యములు కట్టువారి భూమి ధరయే కాని, సామాన్యుని ఇంటి స్థలము ధర కాదు. అయినను పెద్దచెట్టు నీడ చిన్నమొక్క మీద పడక మానదు. కచేరీలలో పనిచేయు వేలాది యువకులకు గదులు కావలెను. పాత ఊరిలో అరువది గజముల స్థలమున్నవాడు కూడ "మీద రెండు పోర్షనులు వేసినచో అద్దె వచ్చును గదా" అని లెక్క వేయును. రేకుల గది స్లాబు గదియగును. దానిపై మరొక అంతస్తు, ఆ పైన నీళ్ళట్యాంకు ప్రక్కన ఇంకొక గది. ఇందులో దురాశ ఒక్కటే ఉన్నదనుట అన్యాయము. బిడ్డ చదువునకు, కూతురి పెండ్లికి ఆ అద్దెయే ఆధారమైన సంసారములు అనేకములు. చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఆ లెక్కలో యజమాని రాబడి ఉండును గాని, పునాది మోయగల బరువు ఉండదు.

లెక్క తప్పినచో ఏమగునో ఈ ప్రాంతమే రెండుమార్లు చూచినది. 2016 డిసెంబరు 8వ తేదీ రాత్రి, రాయదుర్గమునకు సమీపముననే ఉన్న నానక్‌రాంగూడలో నిర్మాణములోనున్న ఏడంతస్తుల భవనము కూలిపోయినది. 11 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది పొరుగు రాష్ట్రముల నుండి కూలికి వచ్చి, ఆ కట్టడములోనే తలదాచుకొన్న శ్రామికులు, వారి కుటుంబములవారు. అది అనుమతి లేకుండ లేచిన భవనమని తరువాత అధికారులే ప్రకటించిరి. ఏడంతస్తులు లేచువరకు దానిని చూడని కొందరు అధికారులను ప్రభుత్వము సస్పెండు చేసినది.

రెండవది 2024 నవంబరు నాటి మాట. గచ్చిబౌలి సిద్దిఖ్‌నగరులో చిన్న స్థలములో నిటారుగా లేచిన బహుళ అంతస్తుల ఇల్లొకటి ఒక రాత్రి ప్రక్కకు ఒరిగినది. ప్రక్క స్థలములో పునాది కొరకు త్రవ్విన గొయ్యి దానికి కారణమని చెప్పిరి. అందులోనివారు, చుట్టుప్రక్కలవారు ఉన్నపళముగ ఇండ్లు ఖాళీ చేసిరి. మరునాడు నగరపాలక సంస్థ యంత్రములతో ఆ ఇంటిని కూల్చివేయించినది.

ఈ రెండు సంఘటనలలో పోలిక ఒకటి కలదు. ఏడంతస్తుల భవనము క్రింద నలిగిపోయిన కూలీ ఆ భవనపు పటము గీయలేదు. ఒరిగిన ఇంటి ప్రక్క ఇంటిలో నిదురించుచున్న పిల్లవాడు ఎవరి గోతికిని సంతకము చేయలేదు. కట్టినవాడొకడు, నష్టపడినవాడు వేరొకడు. కట్టనివాని ప్రాణమును కట్టువాని చేతి నుండి కాపాడుటకు పుట్టినదే అనుమతి పత్రము. యజమాని మేలు దానివలన కలిగినను, అది రెండవ ప్రయోజనము మాత్రమే.

ఈ భావము నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున గృహవాస్తుకమను అధ్యాయము కలదు. రెండిండ్ల నడుమ కొంత ఎడముండవలెననియు, నీటికాలువ వలన పొరుగువాని గోడకు హాని కలుగరాదనియు అందు విధించి, అతిక్రమించినవారికి దండనము కూడ నిర్ణయించెను. ప్రసవించిన స్త్రీ కొరకు పది దినములపాటు వేయు తాత్కాలికపు పాకకు మాత్రము మినహాయింపు ఇచ్చెను. ఇంతటి కఠినుడును మరొక మాట చేర్చినాడు: ఇండ్లవారందరు కలిసి తమకు సమ్మతమైన రీతిని కట్టుకొనవచ్చును గాని, పరులకు బాధ కలిగించు పని మాత్రము కూడదట! దూరదేశమైన లండనులో 1189 నాటి కట్టడపు నిబంధనలు రెండిండ్లకు ఉమ్మడియైన రాతిగోడ మూడడుగుల మందముండవలెనని శాసించినవి. అగ్గి ఒక ఇంటి నుండి మరొక ఇంటికి ప్రాకకుండుటకే ఆ ఏర్పాటు. కాలము వేరు, దేశము వేరు. ఉద్దేశము మాత్రము ఒక్కటియే.

ఇక మన చట్టము సంగతి చూతము. ఉన్న ఇంటికి మార్పులు చేర్పులు చేయువారు మొదట అడుగు ప్రశ్న, "దీనికి కూడ అనుమతి కావలెనా?" అని. 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుల చట్టము దీనికి చాలవరకు సమాధానము చెప్పుచున్నది. క్రొత్త ఇల్లు కట్టుటను గూర్చి 428వ సెక్షను, ఉన్న ఇంటికి చేయు మార్పులను గూర్చి 433వ సెక్షను ముందుగా తెలియజేయవలెనని విధించుచున్నవి. ఇంటికి ఏ భాగమునైనను క్రొత్తగా చేర్చుట, వెలుపలి గోడను గాని, పైకప్పును మోయు గోడను గాని సగమునకు మించి తొలగించి కట్టుట, వీధి హద్దులోనికి చొచ్చుకొని వచ్చిన భాగమును పడగొట్టి మరల కట్టుట, ఇవన్నియు చెప్పి చేయవలసిన పనులే. సున్నము, రంగులు, గచ్చు మార్చి పలకలు పరచుట, తలుపులు, కిటికీ రెక్కలు బాగుచేయుట వంటివి ఈ కోవలోనికి రావు.

చట్టపు వాక్యము ఎంత పొడవైనను, దానిలోని సూత్రమును పిల్లలకు కూడ చెప్పవచ్చును. ఒక పని వలన ఇంటి బరువు మారునా? ఇంటి కొలత మారునా? ఇంటి హద్దు మారునా? మూడింటికిని "లేదు" అని చెప్పగలిగినచో, అది మన ఇంటి లోపలి వ్యవహారము. ఏ ఒక్కదానికి "అవును" అన్నను అది నలుగురి వ్యవహారము. డాబా మీద గది వేయుట బరువును మార్చును. బాల్కనీని మూసి గదిగా చేయుట కొలతను మార్చును. ప్రహరీగోడ దాకా మెట్లు దించుట హద్దును మార్చును. హాలు పెద్దది చేయుటకు గోడ తీయించుట చూచుటకు చిన్న పనియే. కాని ఆ గోడ దూలమును మోయుచున్నదో లేదో మేస్త్రీ సుత్తితో కొట్టి చెప్పిన మాట చాలదు. ఇంజనీరు చూడవలెను.

అపార్ట్‌మెంట్లలో నివసించువారికి మరొక కట్టుబాటు కూడ కలదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టము ప్రకారము గోడలు, స్తంభములు, పైకప్పు, మెట్లు మొదలైనవి అందరి ఉమ్మడి సొత్తు. భవనపు భద్రతకు భంగము కలిగించు మార్పు ఏ ఒక్కరును తమంతట తాము చేయరాదు. మూడవ అంతస్తువాని వంటగది గోడ నాలుగవ అంతస్తువాని నేలకు ఆధారము కదా!

అనుమతి అనగానే చెప్పులరుగ తిరుగుట అను భయము ఇప్పుడంతగా అవసరము లేదు. 2020లో తెలంగాణ శాసనసభ స్వీయ ధ్రువీకరణ పద్ధతిని ప్రవేశపెట్టు చట్టమును చేసినది. ఆ చట్టము ఇండ్లను మూడు తరగతులుగా విభజించినది. 75 గజముల లోపు స్థలములో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి, అనగా క్రింద ఒకటి, పైన ఒకటి మాత్రమే ఉన్న ఇంటికి, అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేయించుకొన్న చాలును. 500 చదరపు మీటర్ల లోపు స్థలములో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టువారికి, తమ వివరములను తామే ధ్రువీకరించినచో వెంటనే అనుమతి లభించును. అంతకు మించినవానికి వివిధ శాఖల అనుమతులన్నియు ఒకే గవాక్షము ద్వారా 21 దినములలో ఇయ్యవలెను. 2025లో వచ్చిన బిల్డ్‌నౌ అను ఆన్‌లైన్ ఏర్పాటులో పటము నిబంధనలకు సరిపోవునో లేదో కంప్యూటరే పరిశీలించుచున్నది.

సులభమైనది గదా అని తేలికగా తీసికొనరాదు. ఇదివరలో తప్పు పట్టుట అధికారి బాధ్యతగా నుండెను. ఇప్పుడు "నేను చెప్పినదంతయు నిజము" అని సంతకము చేయువాడు ఇంటి యజమాని. అబద్ధమని తేలినచో జరిమానా విధించుటకే గాక, నోటీసైనను ఇయ్యకుండ కట్టడమును తొలగించుటకు కూడ ఆ చట్టము అధికారమిచ్చినది. పూర్వము చట్టము చదువుట కార్యాలయము పని. నేడది పౌరుని పని. దరఖాస్తును ఎవరో దళారి చేత నింపించి, చదువకయే క్రింద సంతకము చేయువాడు తన ఇంటిని ఆ దళారి నాలుక మీద నిలబెట్టినట్లే.

ఇంటిచుట్టు వదలవలసిన ఖాళీ స్థలము జనులకు మిక్కిలి కష్టముగా తోచును. దీనిని లెక్క కట్టి చూతము. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గల స్థలము 150 గజములగును. అనగా 125 చదరపు మీటర్లకు కొంచెము ఎక్కువ. 2012 నాటి భవన నియమావళి పట్టిక ప్రకారము ఇట్టి స్థలములో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి, ఎదుటి వీధి వెడల్పు 12 మీటర్లకు మించనప్పుడు, ముందు 1.5 మీటర్లు, మిగిలిన మూడు ప్రక్కల ఒక్కొక్క మీటరు వదలవలెను. వదలగా మిగులునది సుమారు 7.1 మీటర్ల వెడల్పు, 11.2 మీటర్ల పొడవు. వైశాల్యము 80 చదరపు మీటర్లు, లేక 96 గజములు. 150 గజములలో 54 గజములు గాలికి, వెలుతురునకు పోయినవన్నమాట. గజము ధర తెలిసినవానికి గుండె చివుక్కుమనుట సహజమే.

కాని ఆ 54 గజములు పోవుట లేదు. నీవు ఒక మీటరు, పొరుగువాడు ఒక మీటరు వదలినచో ఇద్దరి నడుమ రెండు మీటర్ల సందు ఏర్పడును. నిచ్చెన వేయుటకు, గొట్టము పగిలినచో మనిషి దూరుటకు, అగ్నిప్రమాదమున వెలుపలికి వచ్చుటకు ఆ సందే దారి. నీ కిటికీలోనికి వచ్చు గాలి అతడు వదలిన మీటరులో నుండియే వచ్చుచున్నది. అతని కిటికీకి నీ మీటరు అట్టిదే. ఒకడు గోడ ముందుకు జరిపినచో రెండవవాడు తాను మాత్రమెందుకు వదలవలెనని అడుగును. అట్లు మీటరు మీటరుగా కొట్టుకొనిపోయిన వీధులలో మధ్యాహ్నము కూడ దీపము వెలిగించుకొని పిల్లలు చదువుకొనుచున్నారు.

రాయదుర్గమున గాలితోపాటు నీటి హద్దు కూడ ముఖ్యమైనది. ఊరిని ఆనుకొనియున్న దుర్గము చెరువు గోలకొండ కాలము నాటిది. దానిపై 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైనది. వంతెన మీది దీపములను చూచుటకు వచ్చువారు లెక్కలేనందరు. చెరువు నిండినప్పుడు నీరెక్కడిదాక వచ్చునో ఆలోచించువారు కొందరు. భవన నియమావళి ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులకు 9 మీటర్లు వదలి కట్టవలెను. 2024 ఆగస్టులో దుర్గము చెరువు చుట్టునున్న కాలనీలలో కొన్ని కట్టడములు పూర్తి నీటిమట్టము లోపల ఉన్నవని రెవెన్యూ సిబ్బంది గోడలపై గుర్తులు వేసి నోటీసులంటించిరి. వ్యవహారము హైకోర్టునకు ఎక్కినది. ఏండ్ల తరబడి కాపురముండి, పన్నులు కట్టుచున్నవారు ఒక ఉదయమున తమ గోడ మీద ఎర్రని గుర్తు చూచినప్పటి ఆందోళనను ఎవరును తేలికగా తీసివేయలేరు. ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రిజిస్ట్రేషను దస్తావేజు ఏవియు అనుమతి పత్రముతో సమానము కావని ఆ ఉదంతము నేర్పినది. ఇల్లు కొనువాడును, ఉన్న ఇంటిని పెంచువాడును చెరువు పటమును ముందు చూడవలెను, గోడ రంగును తరువాత చూడవచ్చును.

2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టమును కూడ గుర్తుంచుకొనవలెను. జనులు దానిని వాల్టా చట్టమందురు. పెరటిలో బోరు వేయుటకైనను, గదికి అడ్డమని వేపచెట్టును కొట్టుటకైనను ఆ చట్టము క్రింద అనుమతి కావలెను. వాననీటికి ఇంకుడుగుంత త్రవ్వుట కూడ గృహనిర్మాణములో భాగమే. డాబా పెరిగిన కొలది నేల తగ్గును. నేల తగ్గిన కొలది వాన వీధి పాలగును.

ఇన్ని నిబంధనలుండగా జనులు ఏల తప్పుచున్నారు? కారణములలో ఒకటి ప్రభుత్వము వైపు నుండియు కలదు. అక్రమ కట్టడములను రుసుము తీసికొని క్రమబద్ధము చేయు పథకము 2007 చివర ఒకటి, 2015లో మరొకటి వచ్చినవి. రెండవదానిలో 1985 జనవరి 1 మొదలు 2015 అక్టోబరు 28 వరకు కట్టినవానికి అవకాశమిచ్చిరి. అది న్యాయస్థానములో చిక్కుకొన్నది. చిక్కులలో పడిన సామాన్యులకు ఇట్టి పథకములు ఊరట కలిగించుమాట నిజమే. కాని నియమము పాటించి 54 గజములు వదలినవాడు ప్రక్కవాని నాలుగు గదులను చూచి ఏమనుకొనును? నేడు కట్టుము, రేపు క్షమింతురు అను పాఠమును వీధి మొత్తము నేర్చుకొనును. అయితే క్రమబద్ధము చేసిన కాగితము వలన ఇంటి పేరు మారునే గాని, సన్నని పునాది లావు కాదు.

కనుక ఇంటికి మార్పు తలపెట్టినవారు మొదట తమ దస్తావేజును, పాత అనుమతి పటమును వెలికి తీయవలెను. ఉన్న ఇల్లు ఆ పటము ప్రకారమున్నదో లేదో టేపు పట్టి కొలువవలెను. చెరువు, నాలా, మాస్టరు ప్లానులోని రోడ్డు తమ స్థలమును తాకుచున్నవేమో విచారింపవలెను. అంతస్తు వేయదలచినచో పునాది, స్తంభములు దానిని మోయగలవని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత వ్రాయించుకొనవలెను. లైసెన్సు గలవాని చేత పటము గీయించి, దరఖాస్తులోని ప్రతి మాటను చదివిన పిదపనే సంతకము చేయవలెను. గొయ్యి త్రవ్వుటకు ముందు ప్రక్క ఇంటివానికి చెప్పవలెను. పని ముగిసిన తరువాత, అవసరమున్న చోట, జనులు ఓసీ అని పిలుచు నివాస యోగ్యతా పత్రమును తీసికొనవలెను. నియమములు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక, దరఖాస్తు నాటికి అమలులోనున్నవానిని నగరపాలక సంస్థ కార్యాలయములో సరిచూచుకొనుట మేలు.

ఉపాధ్యాయులకొక మనవి. వైశాల్యము, స్కేలు, నిష్పత్తి అను పాఠములు మన గణిత గ్రంథములలో ఉన్నవే. పరీక్షలలో వచ్చు దీర్ఘచతురస్రములు పేరులేని స్థలములు. వానికి బదులు పిల్లలచేత వారు నివసించుచున్న ఇంటినే కొలిపించి, గళ్ళ కాగితము మీద గీయించుడు. అద్దె గదియైనను సరియే. ఎదుటి వీధి వెడల్పెంత, ప్రక్క ఇంటికి నడుమ ఎడమెంత, వాననీరు ఎటు పోవుచున్నది, అగ్నిప్రమాదము జరిగినచో ఏ దారిన వెలుపలికి రావలెను అని వ్రాయించుడు. నానక్‌రాంగూడలో కూలిన ఏడంతస్తులను, సిద్దిఖ్‌నగరులో ఒరిగిన ఇంటిని ప్రతి దినము వందలాది చదువుకొన్నవారు చూచుచు నడచిపోయిరి. పునాదికిని ఎత్తునకును గల నిష్పత్తి వారందరును బడిలో చదివినదే. వీధిలో నిలిచి ఆ లెక్కను అడుగగల పిల్లలను మనము తయారు చేయవలసియున్నది.